కౌంటరుకు అటూ ఇటూ



2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆ పథకంలో ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోలేదు. బాలికలు, మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కూడా ఆ ప్రయాణం ఉచితం. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలుపెట్టినప్పుడు అక్కడా ఆ మాట చేర్చారు.

ఇప్పుడు ఆ బస్సు సంగతి ఆలోచించండి. కాలు పెట్టే చోటు లేదు. కండక్టరు టికెట్ మిషన్ పట్టుకుని జనంలోంచి దారి చేసుకుంటూ వస్తాడు. ఒక ట్రాన్స్ మహిళ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ అడుగుతుంది. కార్డు మీద పాత పేరు ఉండొచ్చు, పాత ఫొటో ఉండొచ్చు. కండక్టరు కార్డు చూసి, మనిషిని చూసి, "ఎక్కడిదాకా అమ్మా?" అని టికెట్ కొట్టి ఇచ్చాడనుకోండి, పథకం అమలైంది. "ఆడా, మగా? కార్డు మీద ఇంకోలా ఉందే?" అని బస్సంతా వినేలా అడిగాడనుకోండి, టికెట్ చేతికి వచ్చినా పథకం అమలు కాలేదు. ఆ మనిషి మర్నాడు బస్సెక్కదు. నడుస్తుంది, లేదా ఆటోకి డబ్బులు పెడుతుంది.

మామూలు మనిషికి ప్రభుత్వం అంటే సచివాలయం కాదు. ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే గుమస్తా, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకునే రైటరు, మీసేవలో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, రేషన్ డీలరు, ఆర్టీసీ కండక్టరు, వీళ్లే ప్రభుత్వం. రాజ్యాంగం ఇచ్చిన సమానత్వం వీళ్ల నోటిమాటగా మారితేనే జనానికి అందుతుంది. వీళ్లు కూడా ఉద్యోగులే. వీళ్ల పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు, ఎవరికి కూర్చునే చోటు దొరకడం లేదు అన్నదాన్ని బట్టే ఎదుట నిలబడ్డ మనిషితో వీళ్లు మాట్లాడే తీరు ఉంటుంది. ఎల్‌జీబీటీ వ్యక్తులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో చోటు, ప్రభుత్వ సేవల్లో మర్యాద, ఈ రెంటినీ మనం వేర్వేరు విషయాలుగా మాట్లాడుకుంటాం. నా దృష్టిలో ఇవి రెండూ ఒకటే సమస్య. ఈరోజు ఆ ముడి గురించే మాట్లాడతాను.

హైదరాబాద్ ఉస్మానియా జనరల్ ఆసుపత్రితో మొదలుపెడతాను. 2022 నవంబరులో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ కొయ్యల అక్కడ మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణ ప్రభుత్వ వైద్య సేవల్లోకి వచ్చిన తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వాళ్లిద్దరూ. ఇద్దరూ ఎంబీబీఎస్ చదివినవాళ్లే. అయినా ప్రైవేటు ఆసుపత్రుల్లో వివక్ష ఎదుర్కొని విసిగిపోయారు. మీరుంటే పేషెంట్లు రారేమో అన్న మాట ఒకరు వినాల్సి వచ్చింది. చదువులో లోటు లేదు, చేతిపనిలో లోటు లేదు. వచ్చిన చిక్కల్లా రోగులు ఏమనుకుంటారో అన్న యాజమాన్యం ఊహతోనే. ఉస్మానియాలో రోజూ వందల మంది రోగులు వస్తారు, అందులో అత్యధికులు పేదవాళ్లు. జ్వరంతో వచ్చిన మనిషి డాక్టర్ చెయ్యి నాడి సరిగ్గా పట్టిందా లేదా అని చూస్తాడు. తన బిడ్డను బతికించే డాక్టరు స్త్రీయా పురుషుడా అని ఏ తల్లీ అడగదు. ఆ భయాన్ని రోగులు మోసుకురాలేదు, కార్పొరేట్ ఆసుపత్రులే ఊహించుకున్నాయి.

ఒక ట్రాన్స్ మహిళ రోగిగా ఆసుపత్రికి వెళితే ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి. మగవాళ్ల వార్డా, ఆడవాళ్ల వార్డా అన్న దగ్గరే ఆమె ఆగిపోతుంది. కడుపునొప్పి అని వస్తే కడుపు చూడక ముందు నలుగురు జూనియర్లను పిలిచి ఆమెను చూపించే చోట్లు ఉన్నాయి. అందుకే చాలామంది మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని, నాటువైద్యం చేయించుకుని, రోగం ముదిరాక వస్తారు. అలాంటి మనిషికి డాక్టరు కుర్చీలో తనలాంటి మనిషే కనిపిస్తే ఎంత ధైర్యం! పక్క గదిలో ఉన్న మిగతా డాక్టర్లు, నర్సులు, వార్డుబాయ్‌లు కూడా మారతారు. సహోద్యోగితో కలిసి క్యాంటీన్‌లో టీ తాగినవాడు సాయంత్రం ఓపీలో అలాంటి మనిషినే చూసి నవ్వలేడు. ఒక్క నియామకం చేసే పని వంద సర్క్యులర్లు చేయలేవు.

ఇక్కడ ఇంకో ఆసుపత్రి కథ కూడా చెప్పుకోవాలి. 2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం, ఎక్కువగా వాళ్లే నడిపిన క్లినిక్ అది. డాక్టర్ ప్రాచీ రాథోడ్ ఉస్మానియాకు రాకముందు అక్కడ పనిచేశారు. హార్మోన్ల చికిత్స, మానసిక సలహా, హెచ్‌ఐవీ పరీక్షలు, మామూలు జ్వరాలు, అన్నీ చూసేవారు. అమెరికా ప్రభుత్వ సాయంతో నడిచిన క్లినిక్ కావడంతో, 2025 మొదట్లో ఆ దేశం విదేశీ సాయాన్ని ఆపేయగానే అది మూతపడింది. వాషింగ్టన్‌లో పెట్టిన ఒక సంతకం నారాయణగూడలో రోగులను వీధిలో నిలబెట్టింది. దాతల డబ్బుతో నడిచే సేవ ఎంత మంచిదైనా దాత మనసు ఉన్నంత వరకే. పన్నులు కట్టేవాళ్ల సొమ్ముతో నడిచే ఆసుపత్రిలో చోటు దొరికితే అది హక్కుగా నిలుస్తుంది. ఈ సేవలు సర్కారు దవాఖానాలోనే ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఉస్మానియా పేరు చెప్పాను కాబట్టి ఒక చట్టం సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ పేరు ఏ నిజాం పేరు మీద వచ్చిందో ఆయన కాలంలోనే, 1919లో, హైదరాబాద్ సంస్థానంలో ఒక చట్టం చేశారు. ఫస్లీ లెక్కలో 1329. యూనక్స్ చట్టం అని దాని పేరు. హిజ్రాల పేర్లు, చిరునామాలు రాసి పెట్టే రిజిస్టరు ఒకటి ఉండాలని అందులో ఉంది. ఆడవేషంలో, నగలతో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైలు వేయొచ్చు. సంస్థానం పోయింది. భాషా రాష్ట్రం వచ్చింది. ఆ రాష్ట్రమూ రెండయింది. చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ పుస్తకంలో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగిలి, మరికొందరు 2018లో దాన్ని హైకోర్టులో సవాలు చేశారు. 2023 జులై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంటే ఆ ఇద్దరు డాక్టర్లు ఉస్మానియాలో స్టెతస్కోపు మెడలో వేసుకుని చేరిన రోజున, చీర కట్టుకుని వీధిలో నడవడమే నేరమని చెప్పే అక్షరాలు ఇంకా చట్టాల పుస్తకంలో ఉన్నాయి.

కొట్టేయడంతో కోర్టు ఆగలేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను ఇవ్వమంది. చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ల సంగతి తేల్చమంది. సంక్షేమ బోర్డును శాశ్వతంగా ఉంచమంది. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను అంతకుముందు నుంచే ఉంది, 2024 నుంచి అది నెలకు 4,000 రూపాయలు. పింఛను అవసరమే, కాదనను. కానీ పాతికేళ్ల మనిషికి, ఒళ్లొంచి పనిచేయగల మనిషికి పింఛను ఇచ్చి ఊరుకుంటే, నీకు పని దొరకదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ మనిషి అడుగుతున్నది పని.

పని ఇచ్చిన ఒక సందర్భం హైదరాబాద్ వాళ్లు కళ్లారా చూశారు. 2024 డిసెంబరులో గోషామహల్ పోలీసు స్టేడియంలో దేహదారుఢ్య పరీక్షలు పెట్టారు. పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. పరీక్షలు నెగ్గి, శిక్షణ పూర్తిచేసిన 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా నగరం కూడళ్లలో నిలబడ్డారు. సిగ్నల్ దగ్గర చెయ్యి చాచి ఉండే మనిషిగానే వాళ్లను చూడటం అలవాటైన నగరం, అదే సిగ్నల్ దగ్గర వాళ్లు చెయ్యెత్తితే బండి ఆపింది. హెల్మెట్ లేనివాడు తల దించుకున్నాడు. ఆ దృశ్యం విలువ నాకు బాగా తెలుసు. అయినా ఒక మాట అనాలి. ఇవి హోంగార్డు తరహా కొలువులు. కానిస్టేబుల్‌కు ఉండే పదోన్నతి, పింఛను వీటికి లేవు. ఇది తొలి మెట్టు అయితే మనసారా స్వాగతం. వాళ్లకు ఇది చాలు అనుకుంటే అన్యాయం. పొరుగున తమిళనాడులో పృథికా యాషిని దరఖాస్తును మొదట తిరస్కరించారు. ఆమె మద్రాసు హైకోర్టుకు వెళ్లి, 2015 నవంబరులో తీర్పు తెచ్చుకుని, సబ్ ఇన్‌స్పెక్టర్ అయింది. ఛత్తీస్‌గఢ్ 2021లో 13 మంది ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులను రెగ్యులర్ కానిస్టేబుళ్లుగా తీసుకుంది. కర్ణాటక అదే ఏడాది ప్రభుత్వోద్యోగాల్లో ఒక శాతం సమాంతర రిజర్వేషన్ తెచ్చింది. మన దగ్గర 2018లో ఆంధ్రప్రదేశ్ ఎస్సై నియామకాల ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తులో స్త్రీ, పురుషుడు అన్న రెండు గడులే ఉన్నాయి. ఒక ట్రాన్స్‌జెండర్ అభ్యర్థి దాని మీద హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది.

ఉద్యోగం ఇవ్వడం ఒకటి, ఉద్యోగంలో నిలబెట్టడం ఇంకొకటి. ఈ తేడా కొచ్చి మెట్రో చూపించింది. 2017 జూన్‌లో ఆ మెట్రో మొదలైనప్పుడు ఇరవై మందికి పైగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను టికెట్ కౌంటర్లలో, శుభ్రత పనుల్లో తీసుకుంది. దేశమంతా మెచ్చుకుంది. వారం తిరగకుండానే ఎనిమిది మంది మానేశారు. వాళ్లకు పని నచ్చకపోవడం కాదు, స్టేషన్‌లో వేధింపులూ కాదు. నగరంలో వాళ్లకు గది అద్దెకు ఇచ్చేవాళ్లు దొరకలేదు. లాడ్జిలో ఉందామంటే ఆ అద్దె ముందు జీతం చాలలేదు. పొద్దున షిఫ్టుకు రావాలంటే రాత్రి పడుకోవడానికి నీడ ఉండాలి కదా! హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో టులెట్ బోర్డు చూసి తలుపు తట్టిన ట్రాన్స్ మహిళకు ఏం జవాబు వస్తుందో మనందరికీ తెలుసు. అందుకని నియామక ఉత్తర్వుతో పాటే క్వార్టరు గానీ, హాస్టలు గానీ, అద్దె భత్యం గానీ ఆలోచించాలి. డ్యూటీలో ఉన్నప్పుడు వాడుకునే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, రాత్రి డ్యూటీ నుంచి ఇంటికి చేరే దారి, ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి. మనుషులు ఉద్యోగాలు వదిలేసేది వీటి దగ్గరే.

ఇక కాగితం సంగతి. ప్రభుత్వ కొలువులో మనిషి కంటే ముందు కాగితం నడుస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏ పేరుందో సర్వీసు రిజిస్టరులో అదే పేరు, హాజరుపట్టీలో అదే పేరు, చివరికి పింఛను కాగితంలోనూ అదే. ఆ పేరు తనది కాదని తెలుసుకున్న మనిషి గతి ఏమిటి? దీనికి మన తెలుగు నేల మీదే రెండు జవాబులు దొరికాయి.

మొదటిది విశాఖపట్నంలో. తూర్పు నౌకాదళంలో పనిచేస్తున్న ఒక నావికురాలు సెలవులో ఉండగా లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకుంది. 2017 అక్టోబరులో నౌకాదళం ఆమెను సర్వీసు నుంచి తొలగించింది. నీ సేవలు ఇక అవసరం లేదన్నది ఆ ఉత్తర్వు సారం. పురుషుడిగా చేరి స్త్రీగా మారడం నిబంధనలకు విరుద్ధమని వాదన. అప్పటికి నల్సా తీర్పు వచ్చి మూడేళ్లు దాటింది. మనిషి తన లింగ గుర్తింపును తానే నిర్ణయించుకోవచ్చని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చెప్పి ఉంది. ఏళ్ల తరబడి నేర్చిన పని ఆమె చేతుల్లో ఉండగానే ఉద్యోగం పోయింది.

రెండోది హైదరాబాద్‌లో. 2024 జులై 9న కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. కస్టమ్స్, ఎక్సైజ్, సర్వీస్ ట్యాక్స్ ట్రిబ్యునల్ హైదరాబాద్ కార్యాలయంలో జాయింట్ కమిషనర్ హోదాలో ఉన్న ఒక ఐ.ఆర్.ఎస్. అధికారి తన పేరు, లింగం మార్చమని కోరారు. స్త్రీగా నమోదైన ఆ అధికారిని ఇక మీదట అన్ని అధికారిక రికార్డుల్లో పురుషుడిగా, కొత్త పేరుతో గుర్తించాలని ఆ ఉత్తర్వు చెప్పింది. కేంద్ర సివిల్ సర్వీసుల చరిత్రలో అలాంటిది అదే మొదటిది.  ఆకాశం ఊడిపడలేదు, ఫైళ్లు ఆగలేదు. అదే భారత ప్రభుత్వం, ఏడేళ్ల తేడా. ఒకచోట నిబంధన మనిషిని బయటికి నెట్టింది, ఇంకోచోట ఒక సంతకం ఆ మనిషిని లోపల నిలబెట్టింది. చెయ్యాలనుకుంటే ఎంత సులువో ఆ ఒక్క కాగితం చూస్తే తెలుస్తుంది.

ఇంతవరకూ ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించే మాట్లాడాను. వాళ్లు కంటికి కనిపిస్తారు, అందుకే వేధింపూ వాళ్ల మీదే ముందు పడుతుంది, పథకాలూ వాళ్ల పేరుతోనే ముందు వస్తాయి. కంటికి కనిపించనివాళ్లు ఇంకా ఉన్నారు. మీ ఆఫీసులో, మీ బడిలో, మీ బ్యాంకు బ్రాంచిలో గే పురుషులు, లెస్బియన్ మహిళలు ఉన్నారు. వాళ్లు చెప్పరు. మనం చెప్పనివ్వం.

మన ఆఫీసుల వాతావరణం తెలిసిందే. ముప్పై దాటిన ఉద్యోగికి పెళ్లి కాకపోతే అది సెక్షన్ మొత్తానికీ విషయం. సంబంధాలు తెచ్చేవాళ్లు తెస్తారు, జాతకం అడిగేవాళ్లు అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, నిజమే. కానీ ఆ ప్రేమకు రోజూ ఒక అబద్ధం చెబుతూ బతకడం ఎంత బరువో ఆలోచించండి. పదిహేనేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న మనిషిని రూమ్‌మేట్ అనాలి, దూరపు చుట్టం అనాలి. ఆ మనిషికి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరితే సెలవుచీటీ మీద ఏం కారణం రాయాలి? ఇక పదవీ విరమణ సభ. మన దగ్గర ఆనవాయితీ ఏమిటి? ఉద్యోగిని, జీవిత భాగస్వామిని వేదిక మీద పక్కపక్కన కూర్చోబెడతాం. దండలు వేస్తాం, శాలువాలు కప్పుతాం, పట్టుబట్టలు పెడతాం. ఆయన విజయం వెనక ఆవిడ ఉందని వక్తలు చెబుతారు. ముప్పై అయిదేళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన ఒక ఉద్యోగి ఆ వేదిక మీద ఒంటరిగా కూర్చుంటాడు. అన్నేళ్లూ క్యారేజీ కట్టి పంపిన మనిషి ఎక్కడో వెనక వరసలో, ఎవరి తాలూకో తెలియని అతిథిలా ఉంటాడు. లేదా రానే రాడు.

ఇది మర్యాదతో ఆగే విషయం కూడా కాదు. కుటుంబం అన్న నిర్వచనం మీద ఉద్యోగి హక్కులు సగం ఆధారపడి ఉన్నాయి. స్పౌజ్ బదిలీలు, హెల్త్ కార్డులో ఆధారితుల జాబితా, ఎల్‌టీసీ, కుటుంబ పింఛను, కారుణ్య నియామకం, అన్నీ దాని చుట్టూ తిరిగేవే. భార్యాభర్తలిద్దరూ టీచర్లయితే ఒకే జిల్లా కోసం ఎంత పోరాడతారో మన ఉపాధ్యాయ సంఘాల నాయకులకు బాగా తెలుసు. కలిసి జీవిస్తున్న ఇద్దరు మహిళా టీచర్లకు ఆ దరఖాస్తు పెట్టే గడి కూడా లేదు. ప్రభుత్వరంగ సంస్థలకు వర్తించే గ్రాట్యుటీ నిబంధనల ప్రకారం కుటుంబం ఉన్న ఉద్యోగి కుటుంబ సభ్యులకే నామినేషన్ ఇవ్వాలి. ఆ కుటుంబంలో ఈ భాగస్వామికి చోటు లేదు. ఇంట్లోంచి గెంటేసి, ఇరవై ఏళ్లుగా పలకరించని తల్లిదండ్రులు వచ్చి డబ్బు తీసుకెళ్లే పరిస్థితి ఇలా వస్తుంది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపడ్డ ఇద్దరు వయోజనుల బంధం నేరం కాదని చెప్పింది. స్వలింగ బంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలు ఊడాయి. నేరం కాకపోవడం ఒకటి, ఉద్యోగంలో భద్రత ఇంకొకటి. ఆ తేడా ఎంత క్రూరమైనదో అలీగఢ్ విషయం చెబుతుంది.

డాక్టర్ రామచంద్ర సిరాస్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించేవారు. కేంద్ర విశ్వవిద్యాలయం అది, అంటే ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థ. 2010 ఫిబ్రవరిలో కొందరు కెమెరా పట్టుకుని ఆయన క్వార్టర్లోకి, ఆయన పడకగదిలోకి చొరబడ్డారు. చొరబడినవాళ్లను వదిలేసి విశ్వవిద్యాలయం ఆయన్ను సస్పెండ్ చేసింది, ఇల్లు ఖాళీ చేయమంది. అప్పటికి ఢిల్లీ హైకోర్టు తీర్పు అమల్లో ఉంది. దాని ప్రకారం 2009 జులై నుంచే స్వలింగ బంధం నేరం కాదు. చట్టం వదిలేసిన మనిషిని ఆఫీసు పట్టుకుంది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు ఆయన పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్ 7న ఆయన తన అద్దె గదిలో శవమై కనిపించారు. పదవీ విరమణకు కొద్ది నెలలే ఉంది. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయంలో ఒక్క అధికారి, ఒకే ఒక్కరు, ముందు ఆ కెమెరావాళ్ల సంగతి తేల్చండి, తరవాత మాస్టారి గురించి మాట్లాడదాం అని ఫైలు మీద రాసి ఉంటే ఎలా ఉండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. చట్టం ఏం చెప్పిందో తెలిసిన ఒక్క సూపరింటెండెంటు, ఒక్క రిజిస్ట్రారు ఒక ప్రాణం కాపాడగలరు.

2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని హక్కుగా గుర్తించలేదు. అయితే ఈ జంటలకు అందాల్సిన సదుపాయాలను పరిశీలించడానికి క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేస్తామని కేంద్రం కోర్టుకు మాట ఇచ్చింది. 2024 ఏప్రిల్‌లో కమిటీ ఏర్పడింది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నాటికి కొన్ని సూచనలు వెలువడ్డాయి. కలిసి ఉంటున్న ఇద్దరినీ రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివాళ్లుగా చూడాలని ఆహార శాఖ చెప్పింది. ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఆంక్షలు లేవని ఆగస్టు 28న ఆర్థిక శాఖ బ్యాంకులకు తెలిపింది. దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి భౌతికకాయాన్ని తీసుకునే హక్కు గురించి ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. చదవడానికే గొంతు పట్టేసే ఉత్తరం అది. ఇవన్నీ మేలైన అడుగులు. కానీ మన ఊళ్లో గ్రామీణ బ్యాంకు మేనేజరుకు, మండల పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దారుకు ఈ సూచన చేరిందా? చేరితే ఇద్దరు యువకులు జంటగా వచ్చి కౌంటరు ముందు నిలబడినప్పుడు ఆయన ఫారం ఇస్తాడా, పదిమందికీ సైగ చేస్తాడా?

ఇక్కడే శిక్షణ గురించి చెప్పాలి. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ 2021లో చేసిన పని నాకు చాలా గౌరవం కలిగించింది. ఇళ్ల నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతులు పోలీసుల నుంచి రక్షణ కోరారు. స్వలింగ బంధాల మీద తనకే సరైన అవగాహన లేదని గ్రహించిన ఆ న్యాయమూర్తి తీర్పు రాయడానికి ముందు తానే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ సంగతి తీర్పులోనే రాశారు. 2021 జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులో పోలీసులకు, న్యాయాధికారులకు, ఆసుపత్రులకు, బడులకు అవగాహన తరగతులు పెట్టమన్నారు. దాని ఫలితంగా 2022లో తమిళనాడు పోలీసు ప్రవర్తనా నియమావళిలో కొత్త నియమం చేరింది. ఈ వర్గానికి చెందినవాళ్లను, వాళ్లకు సాయపడేవాళ్లను ఏ పోలీసు అధికారీ వేధించకూడదు. ఉపన్యాసం విని మరిచిపోయే పోలీసుకు కూడా ప్రవర్తనా నియమం అంటే ఏమిటో తెలుసు, అది సర్వీసు రిజిస్టరుకు ఎక్కుతుంది. ఇలాంటి నియమం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలో చేర్చడానికి ఏ రాజ్యాంగ సవరణా అక్కర్లేదు.

వీళ్లెంతమంది ఉంటారని ఇంత హడావుడి అని కొందరు అడుగుతారు. 2011 జనాభా లెక్కల్లో ఇతరులు అన్న గడిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది, దేశమంతా 4,87,803 మంది నమోదయ్యారు. ఎన్యుమరేటరు ముందు ధైర్యంగా ఆ మాట చెప్పగలిగినవాళ్ల లెక్క అది. చెప్పనివాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేరు. అయినా హక్కు తలల లెక్కను బట్టి రాదు. ఊళ్లో ఒక్కరే ఉన్నా ఆ ఒక్కరికీ బస్సులో సీటు, ఆసుపత్రిలో మంచం ఉండాలి.

చివరిగా ఈ ప్రసంగం వింటున్న కార్యాలయాల అధిపతులకు ఒక విన్నపం. మీ ఆఫీసు గోడ మీద సమాచార హక్కు చట్టం బోర్డు ఉంటుంది. ప్రజా సమాచార అధికారి పేరు, ఫోన్ నంబరు దాని మీద రాసి ఉంటాయి. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టంలో 9వ సెక్షన్ నియామకంలో, పదోన్నతిలో వివక్ష కూడదంది. 11వ సెక్షన్ ప్రతి సంస్థలోనూ ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలంది. 2020 నిబంధనల్లో సమాన అవకాశాల విధానం రాసి అందరికీ కనిపించేలా పెట్టాలని ఉంది. 2025 అక్టోబరు 17న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం, రెండు బడుల్లో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ట్రాన్స్ ఉపాధ్యాయురాలి పిటిషన్ మీద తీర్పు చెబుతూ, ఈ చట్టాన్ని ప్రభుత్వాలు కాగితానికే వదిలేశాయని తప్పుపట్టింది. ఆమెకు పరిహారం ఇవ్వమంది, దేశమంతటికీ పనికొచ్చే సమాన అవకాశాల విధానం తయారుచేయడానికి జస్టిస్ ఆశా మీనన్ అధ్యక్షతన కమిటీ వేసింది, ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని పెట్టి తీరాలంది.

రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లగానే ఆ గోడ చూడండి. సమాచార హక్కు బోర్డు పక్కన ఫిర్యాదుల అధికారి పేరుతో ఇంకో బోర్డు ఉందా? లేకపోతే ఒక ఆఫీసు ఉత్తర్వు, ఒక రేకు, ఒక పెయింటరు చాలు. అధికారిగా ఎవరిని వేస్తున్నారో మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. సీనియారిటీ ఒక్కటే చూడొద్దు. ఎదుటి మనిషి చెప్పింది వినగలిగినవాళ్లను, విన్నది క్యాంటీన్‌లో మాట్లాడనివాళ్లను వేయండి.